పొయ్యి మీద నాన్‌ఖటాయి



సరిహద్దు జిల్లాల్లో ఉండే మీకు భివండీ పేరు కొత్త కాదు. మీ ఇంట్లో కాకపోతే మీ వాడలో, మీ వాడలో కాకపోతే పక్క ఊళ్ళో, అక్కడ సాంచెల మీద పనిచేసే మనిషి ఒకరైనా ఉంటారు. పండుగకు కల్యాణ్ స్టేషన్‌లో దేవగిరి రైలెక్కి, నాందేడ్ దాటి, బాసర దగ్గర గోదావరిలో ఒక రూపాయి బిళ్ళ వేసి, మర్నాడు నిజామాబాద్‌లో దిగే ఆ మనిషి చేతి సంచిలో ఏముంటుందో కూడా మీకు తెలుసు. ఒక తువ్వాల, ఒక దుప్పటి, పిల్లలకు ఒక డబ్బా నిండా బిస్కట్లు. ఈ పూట నేను చెప్పబోయేది ఆ డబ్బాలో ఉండే బిస్కట్ల గురించి. అవి కొన్నవి కావు, చేసినవి. చేసేందుకు భట్టీ అక్కర్లేదు, కరెంటు ఓవెన్ అక్కర్లేదు, తోమడానికి కుప్పెడు గిన్నెలూ పడవు.

ముందు ఆ ఊరి సంగతి రెండు మాటలు చెప్పాలి. లేకపోతే ఈ పద్ధతి ఎందుకు పుట్టిందో అర్థం కాదు. భివండీ ఠాణే జిల్లాలో, ముంబైకి ఈశాన్యంగా, కామ్వారీ నది ఒడ్డున ఉన్న ఊరు. 1930ల నుంచి అక్కడ మరమగ్గాలు మొదలయ్యాయి. ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన అన్సారీ నేతగాళ్ళు, తెలంగాణ నుంచి వెళ్ళిన మన పద్మశాలీలు ఆ ఊరిని పక్కపక్కనే ఉండి కట్టారు. 1982 జనవరిలో బొంబాయి బట్టల మిల్లుల్లో పెద్ద సమ్మె మొదలై మిల్లులు మూతపడటంతో, అక్కడి నేత పని ఎంతో భాగం భివండీకి తరలింది. దాంతోపాటే సిరిసిల్ల, కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపుల నుంచి మనవాళ్ళు ఇంకా వెళ్ళారు. పద్మనగర్‌లో నాలుగు అడుగులు నడిస్తే తెలుగు బోర్డులు, తెలుగు మాటలు, మార్కండేయుడి గుడి. మన ఊరి సందులోకే వచ్చామా అనిపిస్తుంది.

అయితే ఆ సందులోని ఇల్లు మన ఊరి ఇల్లు కాదు. ఒక్క గది. అందులోనే పొయ్యి, అందులోనే పడక. సాంచెలు రెండు షిఫ్టుల్లో నడుస్తాయి, షిఫ్టు పన్నెండు గంటలు. రాత్రి షిఫ్టు చేసి వచ్చిన మగమనిషి పగలంతా ఆ గదిలోనే పడుకుంటాడు. ఆడమనిషి చప్పుడు కాకుండా వండాలి, కండెలు చుట్టుకోవాలి, లేదా బీడీలు చుట్టుకోవాలి. నల్లా వచ్చిన కాసేపట్లోనే నీళ్ళు పట్టుకోవాలి. ఆ నీళ్ళతోనే ఆ రోజంతా వెళ్ళదీయాలి. ఇటువంటి ఇంట్లో ఒక వంటకానికి ఆరు గిన్నెలు అంటే అది వంటకం కాదు, శిక్ష.

మా పక్క గదిలో ఒక చెల్లె ఉండేది. ఆమె కూతురికి ఏడేళ్ళు. ఒకరోజు బడి నుంచి వచ్చి, తోటి పిల్ల వాళ్ళమ్మ ఇంట్లోనే బిస్కట్లు చేసిందని, తనకూ చేయమని పట్టుబట్టింది. చెల్లె నా దగ్గరికి వచ్చి అడిగిన మాట ఇది. "అక్కా, ఓవెన్ కొనాలంటే ఎంతైతది?" నేను ధర చెప్పాను. ఆమె కాసేపు ఊరుకుని, "అంత పెడితే నెల బియ్యం ఎట్ల? వద్దు తీ" అంది. పిల్లకేమో మొహం ముడుచుకుపోయింది. బజారులో ప్యాకెట్టు దొరకదా అంటే దొరుకుతుంది. కాని పిల్ల అడిగింది ప్యాకెట్టు కాదు. ఇంట్లో తయారవుతుంటే చూడాలని, ఉండ తన చేత్తో చేయాలని అడిగింది. ఓవెన్ ఉన్న ఇంటికి మాత్రమే ఆ ముచ్చట చెల్లుతుందని ఆ తల్లి నమ్మింది. నేను ఆమెకు చెప్పిందే మీకూ చెబుతున్నాను.

ఓవెన్ అంటే ఏమిటి? నాలుగు వైపులా మూసి ఉన్న వేడి పెట్టె. అంతకు మించి అందులో మర్మం ఏమీ లేదు. నీళ్ళలో ఉడికించకుండా, నూనెలో వేయించకుండా, వేడి గాలిలో పదార్థాన్ని ఆరబెట్టి కాల్చే పని అది. అసలు బిస్కట్ అన్న మాటకే లాటిన్‌లో రెండుసార్లు కాల్చినది అని మూలార్థం. ఇంగ్లీషులో వాడే కుకీ అన్న మాట డచ్చి భాష నుంచి వచ్చింది, చిన్న కేకు అని అర్థం. ఇక మన నాన్‌ఖటాయిలోని నాన్ పారశీక పదం, రొట్టె అని. పదిహేడో శతాబ్దంలో డచ్చివాళ్ళు సూరత్‌లో వర్తక స్థావరం పెట్టుకున్నారు. వాళ్ళ కోసం రొట్టెలు కాల్చే భట్టీ ఒకటి తరవాత పార్శీల చేతికి వచ్చిందని, ఆ పార్శీ బేకరీలోనే నాన్‌ఖటాయి పుట్టిందని సూరత్‌లో చెప్పుకుంటారు. డోటీవాలా అన్న ఆ బేకరీ తమది 1861 నాటిదని చెబుతుంది. సూరత్ కూడా మన నేతగాళ్ళు వలస వెళ్ళిన ఊరే కాబట్టి, ఈ బిస్కట్ మనవాళ్ళ వెంట తిరుగుతోందని అనుకోవచ్చు. హైదరాబాదు ఇరానీ హోటళ్ళ ఉస్మానియా బిస్కట్ మనకు ఎంత సొంతమో, భివండీ తెలుగువాళ్ళకు నాన్‌ఖటాయి అంత సొంతం.

మరి ఆ ఊళ్ళో ఇంతకాలం ఎలా చేసుకున్నారు? బేకరీకి తీసుకెళ్ళి. ఇది మన వైపు కూడా ఉన్న అలవాటే. దీపావళికో రంజాన్‌కో ముందు మైదా, చక్కెర, నెయ్యి ఇంటి నుంచే మూటగట్టుకుని పోతే, బేకరీ పనివాడు కలిపి, రేకుల మీద పేర్చి, కట్టెల భట్టీలో కాల్చి ఇస్తాడు. కిలోకు ఇంత అని కూలి. ఆ వరసలో నిలబడటం ఒక పండుగే. హిందువులు, ముస్లిములు, తెలుగు, మరాఠీ, ఉర్దూ, అందరి డబ్బాలూ ఒకే అరుగు మీద ఉంటాయి. కాని పండుగ రద్దీలో మన రేకు ఏదో, పక్కవాళ్ళ రేకు ఏదో తెలియదు. ఒకసారి నేను ఇంటి నెయ్యి ఇచ్చి, డాల్డా వాసన వచ్చే బిస్కట్లు తెచ్చుకున్నాను. ఏ బేకరీ అన్నది ఇక్కడ అనవసరం. తప్పు వాళ్ళదో, నేను పట్టుకొచ్చిన డబ్బా నాది కాదో, ఈనాటికీ తేలలేదు. పైగా కట్టెల భట్టీలకు రోజులు దగ్గరపడుతున్నాయి. ముంబై నగరంలో కట్టెలు, బొగ్గు వాడే బేకరీలు పొగ రాని ఇంధనానికి మారాలని 2025 జనవరిలో బొంబాయి హైకోర్టు గడువు పెట్టింది.

సరే, ఇంటి పొయ్యి దగ్గరికి వద్దాం.

మీకు కావలసిన పాత్రలు చెబుతాను. అడుగు మందంగా ఉండే పాత గిన్నె ఒకటి, దాని మీద సరిగ్గా కూర్చునే మూత ఒకటి. ఆ గిన్నెలో సులువుగా పట్టే చిన్న స్టీలు తలె ఒకటి. అన్నం గిన్నె కింద పెట్టుకునే ఇనుప స్టాండు ఒకటి, అది లేకపోతే చిన్న స్టీలు గిన్నె బోర్లించినా చాలు. ఒక చెంచా. ఒక టీ గ్లాసు. అంతే. మందపు గిన్నె లేనివారు పాత ప్రెషర్ కుక్కరును వాడవచ్చు. అయితే మూతకు ఉన్న రబ్బరు, పైన ఉన్న విజిల్ రెండూ తీసేయాలి. రబ్బరు పెట్టి నీళ్ళు లేకుండా కుక్కరును మూసి వేడి చేయడం ప్రమాదం. రోజూ పప్పు వండే కొత్త కుక్కరును ఈ పనికి పెట్టకండి, నీళ్ళు లేని వేడికి దాని అడుగు పాడవుతుంది. లోపల నల్లటి పూత ఉన్న నాన్‌స్టిక్ పాత్రలు అసలే వద్దు. ఖాళీగా బాగా కాగితే ఆ పూత చెడిపోయి పొగలు విడుస్తుంది.

గిన్నె అడుగున రెండు వేళ్ళ మందం ఉప్పు పోయండి. అందరూ అడిగే ప్రశ్న, ఉప్పు ఎందుకు అని. పొయ్యి మంట గిన్నె అడుగున ఒక్కచోటే తగులుతుంది. అక్కడ రేకు మాడుతుంది, అంచుల దగ్గర పచ్చిగా ఉంటుంది. ఉప్పు ఆ వేడిని తాను తీసుకుని, నెమ్మదిగా, గిన్నె అంతటా సమానంగా వదులుతుంది. ఉప్పు కరగాలంటే దాదాపు 800 డిగ్రీల వేడి కావాలి, మన పొయ్యి మీద గిన్నెలో అంత రాదు. కాబట్టి అది కరగదు, మాడదు, ఎన్నిసార్లయినా పనికొస్తుంది. ఉప్పు బదులు నది ఇసుకను కడిగి, ఎండబెట్టి, జల్లించి వాడుకోవచ్చు. బఠాణీలు, శనగలు వేయించే అంగడిలో ఇసుక మూకుడు చూసే ఉంటారు, అదే సూత్రం. ఉప్పులో స్టాండు పెట్టి, మూత పెట్టి, నడిమి మంట మీద పది నిమిషాలు కాగనివ్వండి. మీరు పిండి కలపడం మొదలుపెట్టేది ఇక్కడ కాదు సుమా. పిండి ముందు కలిపి పెట్టుకోవాలి, పొయ్యి తరవాత వెలిగించాలి. లేకపోతే గ్యాసు దండగ.

పిండి లెక్క. మైదా 100 గ్రాములు, శనగపిండి 25 గ్రాములు, సన్న రవ్వ ఒక పెద్ద చెంచాడు. పొడి చేసిన చక్కెర 65 గ్రాములు, పేరిన నెయ్యి 75 గ్రాములు. రెండు యాలకుల పొడి. వేళ్ళ కొసకు వచ్చినంత తినే సోడా, కాస్త ఉప్పు. దీనికి పద్నాలుగు బిస్కట్ల దాకా అవుతాయి. త్రాసు లేని ఇంట్లో ఏం చేస్తాం? ఒకే గ్లాసుతో కొలవండి. పిండి అన్నీ కలిపి రెండు గ్లాసులు ఉంటే, నెయ్యి ముప్పావు గ్లాసుకు కొంచెం తక్కువ, చక్కెర పొడి ఒక గ్లాసు. గ్లాసు చిన్నదైనా పెద్దదైనా పాళ్ళు అవే.

ఇక్కడ గిన్నెలు మిగిల్చే కిటుకు చెబుతాను. పిండిని వేరే గిన్నెలో కలపకండి. కాల్చబోయే ఆ స్టీలు తలెలోనే కలపండి. ముందు నెయ్యి, చక్కెర వేసి వేళ్ళతో రుద్దండి. ఐదారు నిమిషాలు రుద్దితే నెయ్యి తెల్లబడి వెన్నలా తేలికవుతుంది. అప్పుడు దానిలో గాలి చేరిందన్నమాట. ఆ గాలి బుడగలే కాల్చేటప్పుడు పొంగి బిస్కట్‌ను గుల్లగా చేస్తాయి. ఈ పనికి గిలక్కొట్టే యంత్రం అక్కర్లేదు, చప్పుడూ ఉండదు. రాత్రి షిఫ్టు చేసి పడుకున్న మనిషికి నిద్ర చెడదు. మా చెల్లె దీనికే అన్నిటికంటే ఎక్కువ సంతోషించింది.

తరవాత పిండి, రవ్వ, సోడా, యాలకుల పొడి వేసి, అదిమి దగ్గరికి తీయండి. చపాతీ పిండిలాగా పిసకవద్దు. ఈ మాట గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, మన చేతులకు పిసకడం అలవాటు. మైదాలో తడి తగిలి, పిసికేకొద్దీ సాగే జిగురు పుడుతుంది. రొట్టెకు ఆ జిగురు కావాలి, బిస్కట్‌కు పగ. నెయ్యి ఆ జిగురు పుట్టకుండా అడ్డుపడుతుంది. శనగపిండిలో ఆ జిగురు లేనే లేదు, అందుకే నోట్లో వేసుకోగానే విరిగి కరుగుతుంది. కాబట్టి నీళ్ళు ఒక్క చుక్క కూడా పోయకండి. ముద్ద కట్టడం లేదనిపిస్తే అర చెంచా నెయ్యి, లేదా ఒక చెంచా పాలు.

ముద్ద కట్టిన పిండితోనే తలె అడుగును, అంచులను తుడిచినట్టు తిప్పండి. అంటుకున్నదంతా ముద్దలోకి వచ్చేస్తుంది. తలెకు పలచని నెయ్యి పూత మాత్రం మిగులుతుంది. ఇక దానికి వేరే నెయ్యి రాయడం ఎందుకు, కాగితం పరవడం ఎందుకు? నిమ్మకాయలో సగమంత ఉండలు చేసి, కొంచెం నొక్కి, మధ్యలో వేలితో గుంట పెట్టి, అదే తలెలో రెండు వేళ్ళ దూరంలో పేర్చండి. కాల్చేటప్పుడు కాస్త పరుచుకుంటాయి. అన్నీ ఒకేసారి పట్టవు. మిగిలిన ఉండలను చక్కెర పొడి తెచ్చిన కాగితం సంచి మీదో, తలె మూత మీదో పెట్టుకోండి. మాట వచ్చింది కనుక చెబుతున్నాను, బిస్కట్ల కింద పాత వార్తాపత్రిక పరవడం చాలా ఇళ్ళలో చూస్తాను. ఆ సిరా తిండికి అంటుతుంది. పత్రికల్లో తిండి పదార్థాలు చుట్టవద్దని కేంద్ర ఆహార భద్రతా సంస్థ 2016లోనే హెచ్చరించింది.

ఎండాకాలం ఒక చిక్కు ఉంది. భివండీలో గానీ మీ ఆదిలాబాద్‌లో గానీ ఏప్రిల్, మే నెలల్లో నెయ్యి పేరదు, నూనెలా ఉంటుంది. కరిగిన నెయ్యితో కలిపితే ఉండలు పొయ్యి మీదకు పోగానే అప్పడంలా పరుచుకుంటాయి. రుచికి లోటు ఉండదు, కాని ఒకదానికొకటి అంటుకుని ఒకే రొట్టె అవుతుంది. ఫ్రిజ్ ఉన్నవారికి బాధ లేదు. లేనివారు నెయ్యి గిన్నెను ముందు రాత్రి రంజన్ పక్కన తడి గుడ్డ చుట్టి పెట్టి, తెల్లవారుజామున ఈ పని చేసుకోవాలి. అప్పటికి నెయ్యి కొంతైనా గట్టిపడుతుంది.

డాల్డా వాడవచ్చా అని అడుగుతారు. బేకరీలు అదే వాడేవి, చవక, ఎండకు కరగదు. వనస్పతిలో ట్రాన్స్ కొవ్వు అని ఒకటి ఉండేది, అది గుండె రక్తనాళాలకు చెరుపు చేస్తుంది. 2022 జనవరి నుంచి మన దేశంలో నూనెలు, వనస్పతిలో అది నూటికి రెండు పాళ్ళు మించకూడదని నిబంధన వచ్చింది. అంటే పాత డాల్డా కంటే ఇప్పటిది మేలు. అయినా ఇంట్లో పద్నాలుగు బిస్కట్లకు 75 గ్రాముల నెయ్యి చాలినప్పుడు దాని జోలికి పోవడం ఎందుకని నా అభిప్రాయం.

గిన్నె కాగింది. మంట బాగా తగ్గించండి. తలెను పట్టకారుతో స్టాండు మీద దించి, మూత పెట్టండి. మూతకు సందు ఉంటే తడి గుడ్డ చుట్టకండి, గుడ్డ మంట దాకా వేలాడి అంటుకుంటుంది. మూత మీద ఒక బరువు పెడితే చాలు. పదిహేను నిమిషాల దాకా మూత తీయవద్దు. తీసిన ప్రతిసారీ పోగైన వేడి అంతా పోతుంది. పదిహేను నిమిషాలకు చూడండి. పైన సన్నటి పగుళ్ళు రావాలి, అంచులు లేత గోధుమ రంగుకు తిరగాలి. లేదంటే ఇంకో ఐదు నిమిషాలు.

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. నేనూ పడ్డాను. బిస్కట్ పైన ఎర్రబడలేదని ఇంకా కాల్చాను, తీరా తీస్తే అడుగు బొగ్గు. భట్టీలో వేడి పైనుంచీ కిందనుంచీ వస్తుంది. మన గిన్నెలో కిందనుంచి మాత్రమే వస్తుంది. కనుక పైభాగం ఎర్రబడదు, ఎర్రబడాలని చూడకూడదు. నేను వేరే బిస్కట్లు వదిలి నాన్‌ఖటాయినే చెప్పడానికి కారణం అదే. నాన్‌ఖటాయి పైన పాలిపోయి ఉంటేనే అందం. అయిందో లేదో తెలియాలంటే ఒకదాన్ని చెంచాతో లేపి అడుగు చూడండి, లేత గోధుమ రంగు ఉంటే దించేయండి. మరో మాట, వేడిమీద అది మెత్తగా ఉంటుంది. ఉడకలేదని కంగారు పడవద్దు. చక్కెర, నెయ్యి చల్లారుతూ గట్టిపడతాయి. పావుగంట ముట్టుకోకుండా ఉంచితే కరకరలాడుతుంది. పిల్లలను ఆ పావుగంట ఆపడం మాత్రం నేను చెప్పలేను.

పైన కూడా ఎర్రబడాలని మూత మీద నిప్పులు పోసే పాత పద్ధతి ఉంది. మా అమ్మమ్మ వాళ్ళు కుంపటి మీద అలాగే చేసేవాళ్ళు. ఆరుబయట, పెరట్లో చేస్తే మంచి పద్ధతే. కాని ఒక్క గది ఇళ్ళలో ఉండేవారు దయచేసి వినండి. తలుపు, కిటికీ మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెడితే కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. ముందు తలనొప్పి, మగత వస్తాయి, మనిషి నిద్ర అనుకుంటాడు. నిద్రలోనే ప్రాణం పోతుంది. పగలు నిద్రపోయే రాత్రి షిఫ్టు మనిషి ఉన్న గదిలో అయితే అసలు గుర్తుపట్టేవాళ్ళే ఉండరు. చలికాలంలో గది వెచ్చగా ఉంటుందని కుంపటి లోపల పెట్టుకునే అలవాటు మీ జిల్లాల్లో కూడా ఉంది. వద్దు. కార్ఖానా పక్కన ఉండే ఇళ్ళలో ఇంకో సంగతి, దూది నుసి ఎగిరి మూలల్లో పేరుకుంటుంది. ఒక్క నిప్పు రవ్వ చాలు. గ్యాసు పొయ్యి అయినా సరే, చుట్టూ ఊడ్చి, తలుపు తెరిచి వెలిగించండి.

ఖర్చు సంగతి. మొదటి వాయికి పది నిమిషాలు గిన్నె కాగడం, ఇరవై నిమిషాలు కాలడం, అంతా కలిపి అరగంట. చిన్న మంట మీద కాబట్టి నా లెక్కన వంద గ్రాముల గ్యాసుకు లోపే. ఐదు కిలోల చిన్న సిలిండర్ వాడేవారికి కూడా ఇది భారం కాదు. రెండో వాయికి గిన్నె ఎలాగూ కాగే ఉంటుంది కనుక ఇంకా తక్కువ. అందుకే ఒక్క వాయితో ఆపకుండా, రెండింతలు పిండి కలిపి రెండు మూడు వాయిలు వేసుకోవడం నయం. కాని రెండో వాయి త్వరగా అవుతుంది, పన్నెండో నిమిషం నుంచే కన్నేసి ఉంచండి.

మైదా ఇష్టం లేనివారికి జొన్నపిండితో ఒక మార్గం ఉంది. జొన్న పండే జిల్లాల్లో ఉన్నవారికి ఇది ఇంకా అందుబాటు. గోధుమపిండి 100 గ్రాములు, జొన్నపిండి 50 గ్రాములు, తురిమిన బెల్లం 60 గ్రాములు, నెయ్యి 75 గ్రాములు, ఒకటి రెండు చెంచాల పాలు. ఉత్త జొన్నపిండితో చేస్తే పట్టు ఉండదు, చేతిలోనే పొడి అవుతుంది, అందుకే గోధుమపిండి కలపడం. బెల్లం చక్కెర కంటే తొందరగా మాడుతుంది, మంట ఇంకా తగ్గించాలి. రంగు నల్లగా వస్తుంది, చూసి భయపడకండి. నువ్వులు అద్దితే ఇంకా బాగుంటుంది. బెల్లం వేశాం కదా, చక్కెర జబ్బు ఉన్నవారూ తినవచ్చు అనే మాట మాత్రం నమ్మవద్దు. బెల్లమూ చక్కెరే.

ఇక గిన్నెలు తోమడం. ఉన్నవి తలె, చెంచా, గ్లాసు. తలె వేడిగా ఉండగానే పొడి పిండి చిటికెడు చల్లి కాగితంతోనో పాత నూలు గుడ్డతోనో తుడిస్తే నెయ్యి జిడ్డు వచ్చేస్తుంది. ఆ తరవాత చెంబెడు నీళ్ళు చాలు. పెద్ద గిన్నెలో తడి తగలలేదు కనుక దాన్ని కడిగే పనే లేదు. ఉప్పు పూర్తిగా చల్లారాక సీసాలో పోసి, కూరలో వాడకుండా వేరే గుర్తు పెట్టుకోండి. గిన్నెలోనే వదిలేయకండి. సిల్వర్ గిన్నె అయితే వానాకాలం గాలి తేమకు ఉప్పు చెమ్మగిల్లి అడుగున గుంటలు తినేస్తుంది. నా పాత గిన్నె అలాగే చిల్లుపడింది.

ఇంతకీ ఆ చెల్లె ఏం చేసిందో చెప్పలేదు కదూ. మొదటి వాయి అడుగు మాడింది, రెండోది బాగా కుదిరింది. పిల్ల తాను చేసిన ఉండలు తలెలో ఓ పక్కన పెట్టి, వాటిని ఎవరూ తినకూడదని కాపలా కూర్చుంది. చెల్లె మొగుడు రాత్రి షిఫ్టుకు పోతూ నాలుగు పట్టుకుపోయాడు. కార్ఖానాలో టీ వేళ పక్క సాంచె మీది మనిషికి ఒకటి పెట్టాడట. మర్నాడు అతని భార్య వచ్చి ఉప్పు ఎంత పోయాలని అడిగింది. ఆ తరవాత ఒంటరి మగవాళ్ళకు అన్నం పెట్టే భిస్సీ నడిపే ఒకామె, పూటకు ఇన్ని అని చేసి ఇమ్మని చెల్లెను అడిగింది. బీడీలు మానేసి దీనిలో దిగనా అని చెల్లె నన్ను సలహా అడిగింది. నేను బీడీలు మానొద్దనే చెప్పాను. పండుగ నెలలో చేసి చూడు, గిరాకీ నిలిస్తే అప్పుడు చూద్దాం అన్నాను. అమ్మదలచుకుంటే ఎంత చిన్న వ్యాపారమైనా ఆహార భద్రతా చట్టం కింద పేరు నమోదు చేసుకోవాలి. ఆ సంగతి చాలామందికి తెలియదు, కాబట్టి మీరూ గుర్తుంచుకోండి.

చివరగా ఊరికి పంపేవారి కోసం. బిస్కట్లు నిలవ ఉండాలంటే ముందు పూర్తిగా చల్లారాలి. వేడిమీద డబ్బాలో పెడితే ఆవిరి మూతకు తగిలి నీరై, రెండు రోజుల్లో మెత్తబడతాయి. పొడి స్టీలు డబ్బాలో, గట్టి మూతతో పెడితే రెండు వారాలు కరకరలాడుతూనే ఉంటాయి. పాలు పోసినవి వారంలో తినేయాలి. రైల్లోనో బస్సులోనో పంపేటప్పుడు నిలువుగా, ఒకదాని వీపుకు ఒకటి ఆనేలా పేర్చి, పైన మిగిలిన ఖాళీలో శుభ్రమైన నూలు గుడ్డ కుక్కండి. పడుకోబెట్టి పేరిస్తే నాందేడ్ వచ్చేసరికి సగం పొడి అవుతుంది. ఆ పొడిని పారేయకండి, వేడి పాలలో వేసి పిల్లలకు పెట్టండి.